అరుగు మీది మాటా, పుస్తకంలో లెక్కా

మగవాళ్లు నలుగురు చేరి క్రికెట్ మాట్లాడుకుంటుంటే మీరెప్పుడైనా శ్రద్ధగా విన్నారా? టీ గ్లాసులు అందిస్తూనో, వంటింట్లో పోపు పెడుతూనో మన చెవిన పడే ఆ మాటలు సగానికి సగం "ఆ రోజుల్లో" అనే మొదలవుతాయి. ఆ రోజుల్లో ఆటే వేరు. ఆ రోజుల్లో ఆటగాళ్లే వేరు. ఇప్పటివాళ్లదీ ఒక ఆటేనా అని తీర్పు చెప్పేసి, ఖాళీ గ్లాసులు అరుగు మీదే వదిలేసి లేస్తారు. మా చిలకలూరిపేటలోనే కాదు, ఒంగోలులో మా పుట్టింటి అరుగు మీదా ఇదే తంతు. ఆ తీర్పు మీద మనల్ని ఎవరూ ఏమీ అడగరు. అడగకపోయినా నేనివాళ చెప్పదలుచుకున్నాను.

మా వారి పెదనాన్నగారు ఒకాయన ఉన్నారు. కపిల్ దేవ్ 1983 ప్రపంచకప్పులో జింబాబ్వే మీద కొట్టిన 175 గురించి ఆయన చెబుతుంటే వినాలి. "టీవీలో చూస్తుంటే ఒళ్లు గగుర్పొడిచిందమ్మా!" అంటారు. చిక్కేమిటంటే ఆ మ్యాచ్ ఏ టీవీలోనూ రాలేదు. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్ మైదానంలో కెమెరా లేదు. ఆ ఆట వీడియో ప్రపంచంలో ఎక్కడా లేదు. అలాగని పెదనాన్నగారు అబద్ధాలాడే మనిషి కాదు. పేపర్లో చదివి, పదిమంది నోటా విని, ఆ తర్వాత సినిమాలో కూడా చూసి, ఆయన మనసే ఆయనకొక టీవీ పెట్టి చూపించింది. మనసు అలాంటి పనులు చేస్తుంది. నిజానికి ఆ ఆట ఇవాళ మనకి మిగిలిందంటే, స్కోరరు ఒకాయన ఓ పక్కన కూర్చుని పెన్సిలుతో బంతి బంతికీ గీతలు గీసుకోబట్టే. 17 పరుగులకే 5 వికెట్లు పోయాయనీ, కపిల్ 138 బంతులాడాడనీ, 16 ఫోర్లూ 6 సిక్సర్లూ కొట్టాడనీ మనకి చెప్పింది ఆ కాగితమే.

మిరప కల్లాల్లో ఆడకూలీలు కూర్చుని తాలు కాయలు ఏరడం మనందరం చూసిందే కదా. తెల్లబారినవీ, మచ్చపడ్డవీ ఒక పక్కకి, ఎర్రగా నిగనిగలాడేవి ఒక పక్కకి. జ్ఞాపకం కూడా అచ్చం అదే పని చేస్తుంది. కాకపోతే ఏరేసిన తాలుని కూలీ మనిషి పక్కన కుప్ప పోస్తుంది, దానికీ ఒక రేటుంటుంది. జ్ఞాపకం ఏరిన తాలు ఇక మళ్లీ కంటికి కనపడదు.

షార్జా సంగతే తీసుకోండి. 1998 ఏప్రిల్లో నాకు పదకొండేళ్లు. ఆస్ట్రేలియా మీద ఇసుక తుఫాను మధ్య సచిన్ కొట్టిన 143 గురించి మా తరం వాళ్లలో ఎవర్ని కదిలించినా కళ్లు మెరుస్తాయి. ఆ మ్యాచ్ ఎవరు గెలిచారని అడిగి చూడండి. పదిమందిలో ఏడుగురు "ఇంకెవరు, మనమే" అంటారు. మనం ఓడిపోయాం! 26 పరుగుల తేడాతో ఓడి, రన్ రేటు పుణ్యమా అని ఫైనల్‌కి వెళ్లాం. గెలిచింది రెండు రోజుల తర్వాత, అదే సచిన్ 134 కొట్టిన ఫైనల్లో. మన జ్ఞాపకం ఆ రెండు రోజుల్నీ కలిపి ఒకే మూట కట్టేసింది. సచిన్ గొప్పతనానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. నేనంటున్నది చూసినవాళ్ల సాక్ష్యం ఎంత గట్టిదో అన్న సంగతి గురించి.

ఈ విషయంలో మనం మాత్రం తక్కువ తిన్నామా? మా అమ్మమ్మ పెట్టిన ఆవకాయ లాంటిది ఈ భూమ్మీద ఇంకెవరూ పెట్టలేరని నేనూ అంటాను. ఆవిడ జాడీల్లో బూజుపట్టినవీ ఉండేవని మా అమ్మ గుర్తుచేస్తే నాకు కోపం వస్తుంది. సరే, ఆవకాయకి స్కోరు పుస్తకం లేదు కాబట్టి బతికిపోయాను.

కానీ డబ్బుతో పనిపడ్డచోట మన ప్రాంతంలో ఎవరూ జ్ఞాపకాన్ని నమ్మరు. గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు తోలుకెళ్లిన రైతుని "నిరుడు నీ కాయ భలే ఉందిలేవయ్యా" అని కాటా వెయ్యకుండా డబ్బిచ్చి పంపిస్తారా? పత్తి తీతకి వెళ్లిన కూలీ సాయంత్రం మూట తెచ్చి కాటా మీద పెడితే, కిలోకింత అని చేతికిస్తారు. "ఈవిడ చెయ్యి చాలా చురుకని మా నాన్న చెప్పేవాడు" అని ఎవరూ ఒక్క రూపాయి ఎక్కువివ్వరు. పత్తికీ మిరపకీ ఉన్న న్యాయం మనిషి ప్రతిభకి ఎందుకుండకూడదు?

అరుగు మీది కబుర్లే కదా, పోనిద్దూ అంటారేమో. పోనివ్వచ్చు, వాటివల్ల ఎవరికీ నష్టం లేకపోతే. జ్ఞాపకంతో గొప్పవాళ్లని తూచినప్పుడల్లా నష్టపోయేది ఎవరూ చూడని చోట ఆడినవాళ్లు. మన దేశంలో ఎవరూ చూడని చోట ఆడినవాళ్లలో ముందు వరసలో ఉన్నది ఆడవాళ్లు.

2010 ఫిబ్రవరి 24న గ్వాలియర్‌లో సచిన్ వన్డేలో 200 కొట్టినప్పుడు దేశమంతా ఏమన్నాం? వన్డేల్లో మొట్టమొదటి డబుల్ సెంచరీ అన్నాం. మగవాళ్ల క్రికెట్‌లో అయితే నిజమే. కానీ అంతకు పన్నెండేళ్ల ముందే, 1997 డిసెంబరు 16న, ఆస్ట్రేలియా కెప్టెన్ బెలిండా క్లార్క్ డెన్మార్క్ మీద 229 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. అదీ ఎక్కడ? ఏ సప్తసముద్రాల అవతలో కాదు, మన ముంబయిలో! ప్రపంచకప్పు మ్యాచ్‌లో! మన గడ్డ మీదే జరిగినా మన జ్ఞాపకంలో చోటు దొరకలేదు. చోటిచ్చింది స్కోరు పుస్తకం. ఆ పుస్తకానికి ఆడా మగా తేడా తెలియదు, పరుగుకి పరుగనే రాస్తుంది.

1995లో పూర్ణిమా రావు కెప్టెన్‌గా మన అమ్మాయిలు న్యూజిలాండ్ వెళ్లి అక్కడి శతాబ్ది టోర్నమెంటు గెలుచుకొచ్చారు. పూర్ణిమ సికింద్రాబాదు అమ్మాయి. ఈ మాట మీలో ఎంతమందికి తెలుసు? ఆవిడ ఆట చూశామని చెప్పే పెదనాన్నలు ఏ అరుగు మీదా లేరు.

ఇక మిథాలి రాజ్. తమిళ కుటుంబం, పుట్టింది జోధ్‌పూర్‌లో. పెరిగిందీ ఆట నేర్చుకున్నదీ సికింద్రాబాదులో కాబట్టి మనమ్మాయే అనుకుంటాం. 1999 జూన్ 20న ఇంగ్లండులో మగవాళ్ల ప్రపంచకప్పు ముగిసింది. మన జట్టు ఎందుకోడిందో మా ఇంట్లో రోజుల తరబడి చర్చలు జరిగాయి. సరిగ్గా ఆరు రోజుల తర్వాత, జూన్ 26న, అదే ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊళ్లో పదహారేళ్ల మిథాలి తన మొట్టమొదటి వన్డేకి దిగి ఐర్లాండ్ మీద 114 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. అవతలి వైపు రేష్మా గాంధీ 104 నాటౌట్. వికెట్ పడకుండా 258. మా ఇంట్లో ఎవరికీ ఆ సంగతే తెలియదు. మీ ఇంట్లో తెలుసా?

అప్పట్లో టీవీ లేదు, గ్యాలరీల్లో జనం లేరు. 2006లో క్రికెట్ బోర్డు తనలో కలుపుకునేదాకా ఆడవాళ్ల ఆట నడిచింది వేరే సంఘం కింద, ఉన్న కొద్దిపాటి డబ్బుతోనే. అలాంటి రోజుల్లో, 2002 ఆగస్టులో, పంతొమ్మిదేళ్ల వయసులో టాంటన్‌లో ఇంగ్లండు మీద టెస్టులో 214 కొట్టింది. ఆనాటికి అది ఆడవాళ్ల టెస్టుల్లో ప్రపంచ రికార్డు. 2017 జులైలో ఇంగ్లండు చార్లెట్ ఎడ్వర్డ్స్‌ని దాటి వన్డేల్లో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసిన మహిళ అయ్యింది. 2022 జూన్‌లో ఆట మానేసేనాటికి 232 వన్డేలు, 7805 పరుగులు, 50.68 సగటు. ఏడు సెంచరీలు, 64 అర్ధసెంచరీలు. ఈ అంకెలు ఎదురుగా పెట్టుకుని చూస్తే, ఎవరి జ్ఞాపకంలోనూ లేని ఆ తొలి పదిహేనేళ్లూ కళ్లముందుకొస్తాయి. మిథాలి నెమ్మదిగా ఆడేదని విమర్శ ఒకటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా వెనక రావలసిన వాళ్ల మీద భరోసా లేని రోజుల్లో ఇల్లు నడిపిన మనిషి ఆచితూచి ఖర్చుపెట్టక ఏం చేస్తుంది!

"అంకెలే ఆటా? సొగసు లేదా? తెగువ లేదా?" అని మా వారు అంటారు. సరైన ప్రశ్నే. అంకెని కూడా గుడ్డిగా నమ్మకూడదు, దాన్ని కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగాలి.

ముందు, ఎన్ని అవకాశాలొచ్చాయని అడగాలి. మన గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు వన్డే సగటు 47.05. సచిన్ సగటు 44.83. అలాగని రాయుడు సచిన్ కన్నా గొప్పవాడని గుంటూరు బ్రాడీపేటలో కూడా ఎవరూ అనరు. ఎందుకంటే రాయుడు ఆడింది 55 మ్యాచ్‌లు, సచిన్ ఆడింది 463. కానీ 2019 ప్రపంచకప్పు జట్టులో రాయుడికి చోటు దక్కనప్పుడు ఇక్కడి అరుగులన్నీ ఎందుకు భగ్గుమన్నాయో ఆ 47 చూస్తే అర్థమవుతుంది. అప్పుడు సెలక్షన్ కమిటీకి అధ్యక్షుడు కూడా గుంటూరు మనిషే, ఎమ్మెస్కే ప్రసాద్. ఆ పంచాయితీలోకి నేను పోను. పోతే ఈ పేజీ చాలదు.

సి.కె. నాయుడుగారి లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. మన దేశానికి మొదటి టెస్టు కెప్టెన్, తెలుగు ఇంటి బిడ్డ. ఆయన టెస్టు సగటు పాతిక. సరిగ్గా 25. ఈ అంకె ఒక్కటే పట్టుకుంటే "ఇంతేనా!" అనిపిస్తుంది. కానీ ఇండియా మొదటి టెస్టు ఆడిన 1932 నాటికే ఆయనకి ముప్ఫయ్యారేళ్లు నిండాయి. ఆడింది ఏడు టెస్టులు. అందుకని ఇంకా వెనక్కెళ్లి పుస్తకం తిరగెయ్యాలి. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 153, అందులో పదకొండు సిక్సర్లు! 1953లో మన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆంధ్ర రంజీ జట్టుకి కెప్టెన్‌గా దిగాడాయన. "నాయుడుగారి సిక్సర్ల" కథలు తరం నుంచి తరానికి ఊరికే రాలేదని తేల్చింది కూడా అంకెలే. అరుగు మాట కొన్నిసార్లు నిజమే అవుతుంది. నిజమని తేలేది మాత్రం పుస్తకం తెరిచాకే.

అదే ప్రశ్న మిథాలి దగ్గర అడిగితే గుండె కలుక్కుమంటుంది. దాదాపు ఇరవయ్యేళ్లలో ఆవిడ ఆడిన టెస్టులు ఎన్నో తెలుసా? పన్నెండు. సచిన్ ఆడినవి రెండు వందలు. 2006 తర్వాత 2014 దాకా మన ఆడవాళ్ల జట్టు ఒక్క టెస్టూ ఆడలేదు. మళ్లీ 2014 తర్వాత 2021 దాకా లేదు. అంటే వయసు, సత్తువ, నైపుణ్యం అన్నీ ఉన్న రోజులు ఊరికే పోయాయి. 699 పరుగులు అన్న అంకె పక్కన ఆ ఖాళీ సంవత్సరాల్ని కూడా రాసుకుంటేనే లెక్క పూర్తవుతుంది.

ఎవరి మీద కొట్టారన్నదీ అడగాలి. బెలిండా క్లార్క్ 229 పరుగులు డెన్మార్క్ మీద. డెన్మార్క్ గట్టి జట్టేమీ కాదు. కపిల్ 175 కొట్టిన జింబాబ్వేకి అప్పటికింకా టెస్టు హోదా లేదు. ఇవన్నీ చెప్పుకోవాల్సిందే. ఆడవాళ్ల రికార్డుల దగ్గరకొచ్చేసరికి మాత్రమే కొందరికి ఈ ప్రశ్న గుర్తుకు రావడం నాకు నచ్చదు.

ఈ గొడవ మన దగ్గరే కాదు, అమెరికాలో బేస్‌బాల్ ఆట దగ్గర ఇంకా పెద్దది. 1977లో బిల్ జేమ్స్ అనే ఆయన, కాన్సాస్‌లో చిక్కుడు గింజల డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రిపూట కాపలా ఉద్యోగం చేస్తూ, పాత స్కోర్లు ముందేసుకుని లెక్కలు కట్టి సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. చూడ్డానికి గొప్పగా ఉన్న ఆటగాడూ, జట్టుని నిజంగా గెలిపిస్తున్న ఆటగాడూ ఒకరే కాకపోవచ్చునని తేల్చాడు. మొదట్లో ఆయన మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత్తర్వాత జట్లే ఆ లెక్కల్ని నమ్ముకున్నాయి.

కానీ నన్ను కదిలించింది జోష్ గిబ్సన్ కథ. నల్లవాళ్లని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు తమ లీగులు తాము పెట్టుకుని ఆడారు. గిబ్సన్ అందులో మహామహుడని చూసినవాళ్లు చెప్పేవారు. 1947 జనవరిలో చనిపోయాడు. మూడు నెలల తర్వాత జాకీ రాబిన్సన్‌తో ఆ తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత ఎందరో ఓపికమంతులు పాత పత్రికల్లో అచ్చయిన స్కోర్లన్నీ వెతికి వెతికి పోగుచేశారు. చివరికి 2024 మేలో ఆ లెక్కల్ని పెద్ద లీగుల రికార్డుల్లో కలిపారు. కలపగానే జరిగిందేమిటి? దశాబ్దాలుగా బ్యాటింగ్ సగటులో మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ .367తో రెండో స్థానానికి దిగాడు. .372తో గిబ్సన్ పైకొచ్చాడు. చనిపోయిన డెబ్బై ఏడేళ్లకి! ఎవరో ఆనాడు ఏ చిన్న పత్రికలోనో ఆ స్కోరు అచ్చు వేయబట్టి. వెయ్యకపోయి ఉంటే?

ఆ "వెయ్యకపోయి ఉంటే" దగ్గరే నాకు మన ఊళ్ల ఆడపిల్లలు గుర్తొస్తున్నారు. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచారు. అందులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసింది. ఆ రాత్రి మా వీధిలో మగవాళ్లు కూడా టపాకాయలు కాల్చారు, సంతోషం. ఇప్పుడు ఆ పై మెట్టు మీద ఆడేవాళ్ల ప్రతి బంతికీ లెక్క ఉంది. కింది మెట్ల మీద ఎవరు రాస్తున్నారు?

మా వీధి చివర ఒకావిడ జాకెట్లు కుడుతుంది. ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. ఎడమచేత్తో బంతి వేస్తుంది. ఊరి పేరెందుకులెండి, ఒక చోట ఎంపికలున్నాయంటే తల్లీకూతుళ్లు బస్సెక్కి వెళ్లారు. అక్కడ మగపిల్లల స్కోరు కాగితాలు చక్కగా ఫైలు కట్టి ఉన్నాయి. ఆడపిల్లల కాగితాలు లేవు. "ఎన్ని వికెట్లు తీసిందమ్మా?" అని అడిగితే తల్లికి చెప్పడానికేం ఉంటుంది? బడిలో మగపిల్లలాడితే డ్రిల్లు మాస్టారు స్కోరు పుస్తకం తెస్తారు. ఆడపిల్లలాడితే "సరదాగా ఆడుకోండమ్మా" అంటారు. ఇక ఎంపిక చేసేవాళ్లకి మిగిలింది ఎవరో ఒకరి జ్ఞాపకం. "ఆ పిల్లా? ఫర్వాలేదండీ, బాగానే వేస్తుంది" అన్నాడట ఒకాయన. ఆ "బాగానే" ఏ కాటాకీ తూగలేదు.

తిరిగొచ్చాక ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. రూళ్ల నోటు పుస్తకం ఒకటి కొని నా దగ్గరికొచ్చింది. "అక్కా, నువ్వు కథలు రాస్తావు కదా, ఇది రాయడం కూడా నేర్పు" అంది. కథలకీ దీనికీ సంబంధం ఏమిటో నాకు తెలియదు గానీ, మా అబ్బాయి దగ్గర నేర్చుకుని ఆవిడకి నేర్పాను. పరుగు రాని బంతికి చుక్క. వికెట్ పడితే డబ్ల్యూ. ఒక ఓవరులో ఆరు చుక్కలూ పడితే వాటిని కలిపి ఎం అక్షరంలా గీస్తారు, అది మెయిడెన్. జాకెట్ల కొలతలు రాసే చెయ్యి కాబట్టి ఆవిడ గళ్లు నాకన్నా తిన్నగా గీస్తుంది. ఇప్పుడు ప్రతి ఆదివారం గట్టు మీద కూర్చుని తన కూతురికే కాదు, ఆడే పిల్లలందరికీ రాస్తోంది. పదకొండు వారాలయింది. ఆ పిల్ల వికెట్లు పందొమ్మిది. ఇంకో పిల్ల, ఎవరూ పెద్దగా పట్టించుకోని పిల్ల, ఇరవై రెండు తీసిందని పుస్తకం చూశాకే తెలిసింది. ఆ సంగతి ఆ పిల్లకీ తెలియదట.

మొన్న ఆవిడ ఒక సందేహంతో వచ్చింది. బంతి బ్యాటుకి తగలకుండా కాలికి తగిలి దొర్లితే పరుగు తీశారు, అది ఎవరి ఖాతాలో వెయ్యాలని. లెగ్ బై, జట్టు ఖాతాలోకే, బ్యాటు పట్టినమ్మాయికి రాదు అన్నాను. "మరి పరుగెత్తింది ఆ పిల్లే కదా?" అంది. రూలు అంతే అన్నాను. ఆవిడకి నచ్చలేదు. పేజీ చివర, గళ్ల అవతల, చిన్న అక్షరాలతో ఆ పిల్ల పేరు రాసి పక్కన ఒకటి వేసుకుంది.